ఆరో నంబరు ఏసీ కింద

ఈ పొద్దు కఫీల్ దగ్గర సగం రోజు సెలవడిగాడు మా ఆయన.
సగం రోజంటే ఎనిమిది దినార్ల కోత.
ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ
గోళ్ల కింది గ్రీజు అట్లే ఉంది.
నా చేతిలో ఫైలు:
చెవి డాక్టరు ఇచ్చిన గ్రాఫు, మూడు జిరాక్సులు,
మెట్లు దిగినట్టు
కిందికి కిందికి పోయే ఒక గీత.

అబ్బాసియాలో అప్పుడే దుమ్ము లేచింది.
బడి గేటు కాడ మా సివిల్ ఐడీలు తీసి పెట్టుకున్నారు.
లోపల కుర్చీలు చిన్నపిల్లలవి,
మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం.

ప్రిన్సిపాల్ మేడం మంచిదే. టీ తెప్పించింది.
'మీ అమ్మాయి తెలివైంది, కానీ' అంది.
ఆ 'కానీ' కోసమే వచ్చాం మేము.
మూడేళ్లుగా ఏ గదికి పోయినా
అది మాకంటే ముందొచ్చి కూర్చునుంటుంది.

క్లాసులో నలభై మందంది.
సీట్లు ఎత్తును బట్టంది, యశ్విత పొడుగంది.
పక్కన ఆయాను పెట్టుకోండి, ఖర్చు మీదంది.
లేదంటే మీ ఊళ్లో
ఇలాంటి పిల్లలకు బళ్లుంటాయి కదా అంది.
ఊళ్లో.
రైల్వే కోడూరులో ఏ బడి ఉందో
నాకంటే ఆమెకే బాగా తెలిసినట్టు.

నా ఇంగ్లీషు నాకే చాలదు.
రాత్రి అద్దం ముందు రెండు వాక్యాలు
గొంతు లేకుండా, పెదాలతో నేర్చుకున్నాను
పిల్ల లేస్తుందని.
(మిషన్ తీసేసి పడుకున్న పిల్ల లేవదు.
అయినా.)
ఆ రెండూ చెప్పాను:
పాపను ముందు బెంచీలో కూర్చోబెట్టండి.
బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పొద్దనండి.

'చెవికి మిషన్ ఉంది కదా' అంది క్లాసు టీచరు.

అప్పుడు లేచాడు మా ఆయన.
'ఒకసారి నా బిడ్డ సీటు చూపించండి' అన్నాడు, హిందీలో.
చివరి వరస, కిటికీ పక్క.
నెత్తి మీద పాత విండో ఏసీ,
ఎర్ర రంగుతో ఆరు అంకె.
కింద నిలబడి కళ్లు మూసుకున్నాడు,
గ్రిల్లు మీద రెండు వేళ్లు ఆనించి
నాడి చూసినట్టు.
'బేరింగు పోయింది మేడం.
మీకు ఇది కాస్త గుర్రుమనడమే.
చెవి మిషన్‌కు మాటేదో మోతేదో తెలీదు,
రెండూ పెంచి చెవిలో పోస్తుంది.
ఏడాదిగా నా కూతురు వింటున్నది
టీచరును కాదు, ఈ ఆరో నంబరును.'

ఎవరూ మాట్లాడలేదు. మోత ఒక్కటే.

ఆయన జేబులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది.
చెయ్యి దాని మీదికి పోయింది.
మేడం మొహం విచ్చుకుంది:
'అయ్యో, మీరే బాగు చేస్తారా, ఎంత మంచివారు,
మిగతా గదులూ ఒకసారి...'

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను.
వద్దు.
చల్లదనం మనం అమ్ముకునే సరుకు,
పాప సీటు కాదు.
ఈ రోజు మంచివాళ్లమై ఇంటికి పోతే
రేపు మళ్లీ మంచితనమే అడుగుతారు,
బెంచీ ఇవ్వరు.
తెలుగులోనే అన్నాను.
మలయాళీ ఆమె, అయినా అర్థమైంది.
కొన్ని మాటలు మొహం మీదే దొరుకుతాయి,
నా కూతురికి దొరికినట్టు.

కాగితం మీద రాయించుకున్నాం. మూడు లైన్లు.
ముందు బెంచీ, ఎడమ పక్క.
టీచరు మొహం పిల్లల వైపు.
ఏసీకి వారంలో రిపేరు, బడి ఖర్చుతో.
చివర 'వీలైనంత వరకు' అని చేర్చింది.
కొట్టేయమన్నాను. కొట్టలేదు.
తేదీ మాత్రం వేయించాను.

వారం పోయింది, ఇంకో వారం పోయింది.
ముందు బెంచీ ఇచ్చారు.
ఏసీ దగ్గరికి ఎవరూ రాలేదు.

శుక్రవారం పొద్దున
ఆయన నాకు చెప్పకుండా పోయి
బేరింగు మార్చి వచ్చాడు.
చేతులు చూసి కనుక్కున్నాను. తిట్టాను.
సబ్బు నురగలోంచి తలెత్తకుండా అన్నాడు:
'ఆ సీట్లో ఇప్పుడు
ఇంకెవరి బిడ్డో కూర్చుంటుంది కదే.'